చలవ చొక్కాకు పలికిన ఆమేన్

నమోదు 31. పచ్చ జెండా, అంటే ఈ రోజు ఎండ తక్కువ.

ఈ పూట కూడా జిగురు విరిగిపోయింది. నాచు ఉడుకుతున్నంతసేపూ నా భార్య సలోమి పొయ్యి దగ్గరనుంచి కదలలేదు, నేను స్తోత్రం ఆపలేదు, అయినా విరిగింది. తీసుకెళ్లి సముద్రపు గట్టు అవతల పారబోస్తే చేపలు కూడా దగ్గరికి రాలేదు.

"చేపలకున్న తెలివి మనకు లేకపోయింది," అంది సలోమి.

జిగురు మళ్లీ కాచుకోవచ్చు. అసలు చిక్కు పొయ్యితో. ఈ నెలాఖరులోగా మెంటర్ వేలిముద్ర చూపించకపోతే గట్టు పంచాయితీ మా షెడ్డుకి కరెంటు తీసేస్తుంది. కొత్తగా కంపెనీ పెట్టినవాడికి, అంతకుముందు ఒక కంపెనీని మునగకుండా నడిపినవాళ్లు ఎవరో ఒకరు తోడుండాలని ఇక్కడి నియమం. నియమాన్ని నేను తప్పుపట్టను. మోషే అంతటివాడు పొద్దుటినుంచి పొద్దుగూకేదాకా ఒక్కడే జనం తగువులు తీరుస్తుంటే, మామ యిత్రో వచ్చి చూసి, ఇలాగైతే నువ్వూ నలిగిపోతావు, జనమూ నలిగిపోతారని మొహమాటం లేకుండా చెప్పాడు. అరణ్యంలో మోషేకి దొరికిన మామ ఈ గట్టుమీద నాకు దొరకడం లేదు.

నలుగురిని అడిగాను. పడవ మోటార్లు బాగుచేయించే ఆయన నన్ను నోరు తెరవనివ్వకుండా తన జీవితచరిత్ర చెప్పాడు. ఉప్పు కంపెనీ ఆయన సగం వాటా అడిగాడు. మూడో ఆయన నేను ప్రసంగాలు మానుకుంటే చూద్దామన్నాడు. నాలుగో ఆమె నవ్వి తలుపేసుకుంది.

మా కంపెనీ పేరు మేఘస్తంభం. ఐగుప్తు దాటి వచ్చిన జనానికి దేవుడు పగలు మేఘాన్ని నిలబెట్టి దారి చూపినట్టు, గండి దళానికి మేము చలవ చొక్కా తొడుగుతాం. లోపల నాచు జిగురు పెట్టి కుట్టిన చొక్కా అది. సముద్రం అడుగునుంచి పైపులో వచ్చే చల్లనీళ్లలో రాత్రంతా నాని, పగలు ఆ చలవను ఒంటికి ఇస్తుంది. గండి దళం అంటే, గట్టు ఎక్కడ ఊరితే అక్కడ ఆటువేళ సముద్రం వైపు దిగి రాళ్లు పేర్చేవాళ్లు. వాళ్లు లేకపోతే గట్టు లేదు. గట్టు లేకపోతే మనమందరం ఆ చేపల దగ్గరికే.

నమోదు 33. పసుపు జెండా.

ఏటా కొత్త సంవత్సరం రాత్రి మా మందిరంలో వాగ్దానాల డబ్బా తిప్పుతాం. ఒక్కొక్కరూ చెయ్యి పెట్టి ఒక చీటీ తీసుకుంటారు. అందులో వచ్చిన వాక్యమే ఆ ఏటికి ఆధారం. ఆ డబ్బానే కడిగి, ఆరు పేర్లు రాసి వేశాను. ఉపవాసముండి, మోకరించి, చెయ్యి పెట్టాను. వచ్చిన పేరు: పిల్లి సత్యవేణి. ఐసు ఫ్యాక్టరీ సత్యవేణిగారు. గట్టు మీద మొదటి ఐసు దిమ్మ పోసింది ఆవిడే. నిరుడు ఫ్యాక్టరీని మేనల్లుళ్లకి అప్పచెప్పి ఊరికే కూర్చుంది. ఏ మందిరం గడపా, ఏ గుడి గడపా తొక్కిన మనిషి కాదు. అయినా చీటీ చీటీయే.

వెళ్లేసరికి అరుగుమీద ఎండుచేపలు తిరగేస్తోంది.

"దేవుడు మీ పేరు చూపించాడండి," అన్నాను.

"ఎక్కడ చూపించాడు?"

"డబ్బాలోనండి."

"ఎన్ని పేర్లేశారేంటి అందులో?"

"ఆరు."

"మిగతా అయిదుగుర్నీ అడిగారా?"

"నలుగురు ముందే కాదన్నారండి."

"కాదన్నోళ్లని కూడా ఏశారా!" చేప పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "అంటే పాపం ఆ దేవుడికి మీరు మిగిల్చింది ఇద్దర్నే. ఆ రెండోవాడెవడు?"

"మా బావమరిదండి."

ఆవిడ నవ్వు ఆపుకోలేక స్తంభం పట్టుకుంది. ఆ బావమరిది రొయ్యల వ్యాపారం పెట్టి రొయ్యలతో సహా మునిగిన సంగతి గట్టంతటికీ తెలుసు. నాకు ఒళ్లు మండింది గాని, పొయ్యి గుర్తొచ్చి నిలబడ్డాను.

నవ్వు తగ్గాక ఆవిడ చెప్పింది: "సలహాలు చెప్పడం నాకు రాదు పాస్టరుగారూ. శుక్రవారం శుక్రవారం వస్తాను. ఆ వారంలో ఏం జరిగిందో చెప్పాలి. జరగబోయేది కాదు, జరిగింది. మీకు తెలియనిది కూడా ఒకటి చెప్పాలి. అంతే."

"తెలియనిది..." అని ఆగాను. మూడో తరగతితో బడి మానేసి, గ్రంథంలోనే అక్షరాలు కూడబలుక్కుని, ఇరవై ఏళ్లుగా ఎవరేమడిగినా వాక్యం తీసి జవాబు చెబుతున్నవాణ్ణి నేను. తెలియదు అనే మాట నా నోట పలికి చాలాకాలమైంది.

"తెలియనిది లేదా? పోన్లెండి, మొదటి వారం అది రాసుకోండి," అంది. వేలిముద్ర వేసింది.

నమోదు 38. పసుపు జెండా.

మొదటి శుక్రవారం. సలోమి నేల కడిగింది. నేను నిలబడి మేఘస్తంభం గురించి చెప్పడం మొదలుపెట్టాను. అరణ్యం, ఎండ, దాహం, మేఘం, గండి దళం, చొక్కా. నా గొంతు నాకే బాగుంది. సత్యవేణిగారు చివరిదాకా వింది.

"ప్రసంగం బాగుంది. ఇప్పుడు ఏం జరిగిందో చెప్పండి."

"ముప్పై చొక్కాలు దళానికి ఇచ్చామండి. అందరూ బాగుందన్నారు."

"పదండి, ఆళ్లనే అడుగుదాం."

గట్టులోంచి సముద్రం వైపు తెరుచుకునే ఇనప తలుపు ఉన్న రెండో లాకు మెట్ల దగ్గర నిలబడ్డాం. ఆటు అయిపోయి దళం పైకి ఎక్కి వస్తోంది. ముందు మేస్త్రీ అన్నవరం, వెనక మిగతావాళ్లు. మోకాళ్లదాకా బురద, మొహాలమీద ఉప్పు చారలు. సత్యవేణిగారు ఒక్కొక్కరినీ ఆపి చొక్కా ఎలా ఉందని అడిగింది.

"దేవుడి దయవల్ల బాగుందండి," అన్నాడు అన్నవరం, నావైపు చూసి.

"స్తోత్రం. బాగుందండి," అంది గంగాభవాని. దళంలో అందరికన్నా బరువైన రాయి ఎత్తే మనిషి.

"బాగుందండి. అయ్యగారు ప్రార్థన చేసి ఇచ్చారు గదా," అంది ఆమె జతమనిషి నూకాలు.

నా గుండె నిండిపోయింది. సత్యవేణిగారి మొహం మాత్రం కరిగిన ఐసులా అయింది. దళం వెళ్లిపోయాక అడిగింది: "ఈళ్లలో మీ మందిరానికి రానోళ్లు ఎవరన్నా ఉన్నారా?"

"ఒక్కరు కూడా లేరండి. అందరూ రక్షణ పొందినవాళ్లే."

"అదే మీ చిక్కు."

"నా మంద నాకు చిక్కా?"

"మంద కాపరి ఎటు తోలితే అటు పోద్ది. సరుకు కొన్నోడు తిట్టాలండీ. నా ఐసు తొందరగా కరిగిందని పడవలోళ్లు మా ముత్తాత దాకా వెళ్లి తిట్టేవోరు. ఆ తిట్లు వినీ వినీ దిమ్మ మందం పెంచాను. మిమ్మల్ని ఒక్కడూ తిట్టడు. తిడితే పాపం అనుకుంటారు. ఇక మీకు ఎలా తెలుస్తది?"

ఇంటికొచ్చాక సలోమితో చెప్పాను: విశ్వాసం లేనివాళ్ల చెవికి విశ్వాసుల మాట కూడా అబద్ధంలాగే వినిపిస్తుందని. సలోమి చొక్కా కుడుతూ తల ఎత్తలేదు.

నమోదు 40. పసుపు జెండా, సాయంత్రానికి నారింజ.

ఆదివారం. మందిరం కిటకిటలాడింది. పంచాయితీ ప్రెసిడెంటు కూడా వచ్చి వెనక బల్లమీద కూర్చున్నాడు. రెండో లాకు కింద గట్టు ఊరుతోంది. పున్నమి పోటులోగా మూయకపోతే కింది వీధి నిలవదని అందరికీ తెలుసు. అంతలోపు ఎర్ర జెండా రోజులు వస్తున్నాయనీ తెలుసు. ఎర్ర జెండా ఎగిరిందంటే ఒంటిమీది చెమట ఆరదు, అసలు చెమటే ఆగిపోయిందంటే మనిషి పడిపోతున్నట్టే. నీడలో ఊరికే కూర్చున్నవాడు కూడా గంట తిరక్కుండా పడిపోతాడు. ఆ రోజుల్లో దళం దిగదు. దిగకూడదు.

ప్రసంగం మధ్యలో నాలో మంట లేచింది. ఆ మంట తెలియనివాళ్లకు చెప్పలేను. జ్వరం తగ్గకముందే స్వస్థత కలిగిందని నిలబడి సాక్ష్యమివ్వడం మా అలవాటు. లేనిదాన్ని ఉన్నట్టుగా పిలిచే దేవుడికి అది మా చెయ్యెత్తు మొక్కు. ఆ అలవాటుతోనే అన్నాను:

"ఎర్ర జెండా ఎగిరిన రోజున, ఒక ఆటు మొత్తం, ఈ చొక్కా మన దళాన్ని కాసింది! కాస్తుంది అనడం లేదు, కాసింది అంటున్నాను!"

"ఆమేన్!" అన్నాడు అన్నవరం లేచి నిలబడి. రేకులు అదిరాయి. గంగాభవాని రెండు చేతులూ ఎత్తింది.

నమోదు 41. నారింజ జెండా.

పొద్దున్నే పంచాయితీ ఉత్తర్వు మైకులో చదివారు. చలవ చొక్కా తొడుక్కున్నవాళ్లు ఎర్ర జెండా రోజున కూడా గండి పనికి దిగవచ్చును. మేఘస్తంభానికి ఇంకో అరవై చొక్కాల ఆర్డరు. సలోమి గరిటె పొయ్యిమీద పెట్టేసి నన్నే చూసింది. నేను స్తోత్రం అన్నాను.

నమోదు 45. నారింజ జెండా.

శుక్రవారం. సత్యవేణిగారు గుమ్మంలోనే నిలబడి అడిగింది. "ఎర్ర జెండాలో ఆ చొక్కా ఎవరు తొడుక్కున్నారు?"

"ఎవరూ లేదండి."

"మరి కాసింది అన్నారంట?"

"విశ్వాసంతో అన్నాను."

"ప్రెసిడెంటుకి విశ్వాసమూ వినపడలేదు, గిశ్వాసమూ వినపడలేదు. కాసింది అన్న ముక్క వినపడింది. ఎక్కడ నిలబడి అన్నారో అక్కడే నిలబడి తీసెయ్యండి."

"ఇచ్చిన సాక్ష్యం వెనక్కి తీసుకుంటే దేవుణ్ణి అబద్ధికుణ్ణి చేసినట్టు సత్యవేణిగారూ!"

"ఆయన అనలేదు గదండీ. మీరన్నారు."

నేను అరిచాను. ఆవిడ గొంతు పెంచలేదు. విశ్వాసం గురించి, అవిశ్వాసుల నీడలో కూర్చోవడం గురించి ఎన్ని వాక్యాలు తెలుసో అన్నీ ఆవిడమీద విసిరాను. ఆవిడ అన్నీ అయ్యేదాకా ఆగి, "ఇన్ని చెప్పారు గాని, నేనడిగినదానికి చెప్పలేదు," అని వెళ్లిపోయింది.

రాత్రి గ్రంథం తెరిస్తే, కూలబోయే గోడకు సున్నం పూసి క్షేమం క్షేమం అని చెప్పిన ప్రవక్తలమీద దేవుడు కోప్పడిన చోటే తెరుచుకుంది. మూసేశాను. ఇంకోచోట తెరిచాను. అది దేవుడితో ఆడుకోవడమని నాకు తెలుసు. ఒక డబ్బాతో మొదలుపెట్టినవాణ్ణి కదా.

నమోదు 46. నారింజ జెండా.

పొద్దున ఆవిడే వచ్చింది, శుక్రవారం కాకపోయినా.

"నాచు ఆరబెట్టే షెడ్డుంది గదా మీకు. రేకులు మూస్తే లోపల ఎర్ర జెండానే. ఒక చొక్కా ఇవ్వండి."

"నేను తొడుక్కుంటాను," అన్నాను.

"మీరు తొడుక్కుంటే సాక్ష్యం వస్తది. నేనైతే బూతులొస్తాయి. నాకు బూతులు కావాలి."

సలోమి చొక్కా తెచ్చి ఆవిడకి తొడిగింది. ఆవిడ లోపలికి వెళ్లి పార పట్టుకుని నాచు తిరగెయ్యడం మొదలుపెట్టింది. రేకుల సందులోంచి నేను చూస్తూ కూర్చున్నాను. సలోమి పైపు నీళ్లకి వెళ్లింది.

"ఎలా ఉందండీ?"

"చల్లగా ఉంది. నిజం చెప్పాలంటే బాగానే చేశారు."

నాకు ఎంత సంతోషం కలిగిందో రాయడానికి సిగ్గుపడుతున్నాను. దేవుడు నన్ను నిలబెట్టాడనుకున్నాను. కొంతసేపటికి మళ్లీ అడిగాను.

"చల్లగానే ఉంది."

తిరగేసిన చోటే మళ్లీ తిరగేస్తోంది. ఇంకోసారి అదే చోటు. నాచు పొడి అయిపోతోంది. నాకు కనిపించింది.

"వీర్రాజూ, దిమ్మలు దించారా?" అంది నావైపు తిరిగి.

తన ఐసు ఫ్యాక్టరీ మనిషి పేరు పెట్టి పిలిచి వేళాకోళం చేస్తోందనుకుని నవ్వాను. "దించామండి. ఎలా ఉంది మరి?"

"చల్లగానే ఉంది."

ఆవిడ మొహంమీద చెమట లేదు. అదీ కనిపించింది. పార జారిపోయింది, తరువాత మనిషి.

నేనూ, అప్పుడే నీళ్లతో తిరిగొచ్చిన సలోమీ ఎత్తుకొచ్చి పైపు నీళ్ల తొట్టిలో పడుకోబెట్టాం. చొక్కా విప్పుతుంటే లోపలి జిగురు ఇంకా చల్లగా నా చేతికి తగిలింది. గుండెలమీద చల్లగా, నుదురు పెనంలా. సలోమి ఆవిడ తల పట్టుకుని నీళ్లు పోస్తూ, "చొక్కా మనిషిని చల్లబరచడం లేదు. చల్లగా ఉందని నమ్మిస్తోంది," అంది. అంత నెమ్మదిగా అంది గాని, నా ఇరవై ఏళ్ల ప్రసంగాలలో నన్ను అంత గట్టిగా కొట్టిన మాట లేదు.

నమోదు 47. నారింజ జెండా. రేపు ఎర్ర.

సత్యవేణిగారు బతికింది. ఐసు ఫ్యాక్టరీ చల్లగదిలో మంచంమీద ఉంది. నాలుక ఇంకా మొద్దుగా తిరుగుతోంది. నేను మంచం పక్కన కూర్చున్నాను. ప్రార్థన చేస్తానంటే తల అడ్డంగా ఊపింది.

"ఏం... జరిగింది? చెప్పండి."

చెప్పాను. నాచు, పార, వీర్రాజు, చెమట. అన్నీ వరసగా.

"నాకు ఒక్కటీ గుర్తులేదు," అంది. "చల్లగా ఉండటం గుర్తుంది. అయితే పడిపోతున్నట్టు నాకు తెలియలేదు. మీకో?"

"తెలిసిందండి. కళ్లారా కనిపించింది. కానీ మీరు చల్లగా ఉందన్నారు కదా. నాకు కావాల్సిన మాట అది. ఆ మాటే నమ్మాను."

ఆవిడ కళ్లు మూసుకుంది. నిద్రపోయింది.

గోడమీద కావలివాడు కత్తి రావడం చూసి కూడా బూర ఊదకపోతే, చచ్చినవాళ్ల రక్తం వాడి చేతినే అడుగుతానని దేవుడు చెప్పిన చోటు నాకు చూడకుండా వచ్చు. ఎన్నిసార్లు దానిమీద ప్రసంగించానో! ఎప్పుడూ వేరేవాళ్లను ఉద్దేశించే.

అక్కడినుంచి, ఉత్తర్వు ఆపించడానికి ప్రెసిడెంటు ఇంటికి వెళ్లాను. పొరుగు గట్టుకి రాళ్ల కోసం వెళ్లాడట, రేపు మధ్యాహ్నానికి గాని రాడట. ఆటు పొద్దున్నే. ఇక దళాన్ని తలుపు దగ్గర నేనే ఆపాలి.

నమోదు 48. ఎర్ర జెండా.

ఇది రెండో లాకు గదిలో కూర్చుని రాస్తున్నాను. కిందనుంచి పైపు చలి వస్తుంది కాబట్టి ఇక్కడ మనిషి ఉండగలడు.

పొద్దున నేను వచ్చేసరికి దళమంతా చొక్కాలు తొడుక్కుని ఇనప తలుపు దగ్గర నిలబడి ఉంది. పున్నమి పోటు ఈ రాత్రికే. ఊట ధారగా మారింది. నేను తలుపుకి అడ్డంగా నిలబడి చేతులు చాపాను.

"ఆగండి! ఆదివారం నేను ఇచ్చిన సాక్ష్యం అబద్ధం! ఈ చొక్కా ఎర్ర జెండాలో ఎవరినీ కాయలేదు! దిగితే చస్తారు!"

అన్నవరం మొహం విప్పారింది. వెనక్కి తిరిగి, "చూశారా, అయ్యగారు మన విశ్వాసాన్ని పరీక్షిస్తన్నారు. ఆమేన్ అనండ్రా!"

"ఆమేన్!"

"పరీక్ష కాదు! నిజం చెబుతున్నాను! సత్యవేణిగారు పడిపోయింది!"

"ఆవిడకి విశ్వాసం లేదు గదండీ, పడిపోద్ది మరి," అంది నూకాలు జాలిగా.

నేను ఇంకా గట్టిగా అరిచాను. నా గొంతు లేచేకొద్దీ వాళ్ల చేతులు లేచాయి. నేను పశ్చాత్తాపమని అరిస్తే వాళ్లు స్తోత్రమని అరిచారు. ఆ గొంతు విని వాళ్లు నమ్మడం నేర్చుకున్నారు. అదే గొంతుతో నమ్మవద్దని చెబితే అది కూడా నమ్మకమే అయిపోయింది. యెహోవా, నువ్వు ప్రవక్తల నోటికి నిప్పు తాకిస్తావు గదా, నా నోట్లో నీళ్లు పొయ్యి అనుకున్నాను.

మెట్టుమీద కూర్చున్నాను. కూర్చున్న నన్ను వాళ్లెప్పుడూ చూడలేదనుకుంటాను, గోల తగ్గింది.

"అన్నవరం," అన్నాను. "నేనేమీ చెప్పను. ఒకటి అడుగుతాను. నారింజ జెండా రోజుల్లో ఈ చొక్కా వేసుకుని దిగారు కదా. దిగాక ఏం జరిగింది?"

"బాగుందండి..."

"బాగుందా లేదా అనడం లేదు. ఏం జరిగింది?"

తలుపు అవతల సముద్రం వెనక్కి పోతున్న చప్పుడు. అప్పుడు గంగాభవాని, నేలవైపు చూస్తూ,

"నాకు వాంతయ్యిందండి," అంది. "రాళ్లెనక్కి ఎల్లి కక్కేను. గుండెల మీదేమో చల్లగానే ఉంది, తలేమో తిరిగిపోతంది. చొక్కాదైతే తప్పు కాదు గదా, చల్లగానే ఉంది గదా అనుకున్నాను. అందరూ బాగుందంటన్నారు. నాకొక్కదానికే విశ్వాసం చాల్లేదేమోనని... ఎవరికీ చెప్పలేదు."

"నీకొక్కదానికేటే," అంది నూకాలు ఉన్నట్టుండి. "నాకు కళ్లు కనపళ్లేదు, ఇంత సేపు!"

"మరి చెప్పలేదే?"

"నువ్వు చెప్పేవేటి!"

ఒకరి తరువాత ఒకరు. ఒకడు పేరు మర్చిపోయాడట, తన పేరే. ఒకామె రాయి అనుకుని జతమనిషి కాలు పట్టుకుని లాగిందట. వాళ్లలో ఎవరో పక్కున నవ్వారు, నవ్వి ఏడ్చారు. ప్రతి ఒక్కరూ రాత్రిపూట దుప్పటి కప్పుకుని, తమ అవిశ్వాసాన్ని క్షమించమని ప్రార్థన చేసుకున్నారు. నా చొక్కా చేసిన తప్పుకి.

చివరికి అన్నవరం మిగిలాడు. దళానికి మేస్త్రీ, మందిరానికి పెద్ద. మీసం తుడుచుకున్నాడు.

"మొన్న ఇంటికెల్తన్నానని పక్క వీధిలో ఎవరింట్లోకో ఎల్లి కూర్చుని అన్నం పెట్టమన్నానండి," అన్నాడు. "పెట్టేరు పాపం. మా ఆవిడకి కూడా చెప్పలేదు."

నేను నవ్వలేదు. ఎవరూ నవ్వలేదు. అన్నవరం నావైపు చూశాడు. ఆ చూపులో ఇదివరకటి అయ్యగారు లేడు. "ఎంతమందిమి చచ్చిపోయేవోళ్లం?" అన్నాడు.

"నాకు తెలియదు," అన్నాను.

"మరి గండో? రాత్రికి పున్నమి పోటు. కింది వీధిలో ముప్పై కొంపలున్నాయి. దిగితే మనం పోతాం, దిగకపోతే ఆళ్లు పోతారు. ఏం చెయ్యమంటారు? చెప్పండి! రోజూ చెప్తారు గదా!"

అదీ తెలియదనే చెప్పాను.

గంగాభవానే మాట్లాడింది. "ఇంకోరోజు నేను కదలకపోతే రాళ్లకాడినుంచి లాక్కొచ్చింది నూకాలు. నాకు తెలియలేదు. చూసేదానికి తెలిసింది. ఒకళ్లు దిగి, ఒకళ్లు ఈ గదిలో కిటికీ కాడ కూకుంటే? చూసేవోళ్లు రమ్మంటే వచ్చెయ్యాలి. దిగినోళ్ల మాట చెల్లదు."

అన్నవరం ఆలోచించాడు. "పదేసి రాళ్లు. ఆపైన ఒక్కటి కూడా వద్దు. చల్లగా ఉందని ఎవడన్నా అన్నాడా, ముందు ఆణ్ణే లాగండి." కుర్రాళ్లలో ఒకణ్ణి కింది వీధికి పంపాడు, ముసలాళ్లనీ బియ్యాన్నీ పైకి చేర్చమని. "మొదట ఎవరు?"

"చొక్కా ఎవరిదో ఆళ్లే," అంది గంగాభవాని నావైపు చూడకుండా. "నేను చూస్తాను. పిలిస్తే రావాలి. స్తోత్రాలు పాడుకుంటా నిలబడితే కుదరదు."

దిగాను. తలుపు దాటగానే గాలి తడి దుప్పటిలా మొహంమీద పడింది. బండలు పాదరక్షల్లోంచి కాలాయి. గుండెలమీద మాత్రం తల్లి చెయ్యి వేసినంత చల్లన. రాయి ఎత్తి ధార నోట్లో పెట్టాను. ఇంకోటి. ఇంకోటి. ఎంత బాగుందో! పాట వచ్చేసింది నోటికి. ఎన్ని పెట్టానో లెక్క పోయింది. ధార పక్కన సరిగ్గా నా చేతిలో ఉన్న రాయి అంత సందు కనిపించింది, ఇది కూడా పెడితే అనుకున్నాను. అప్పుడు వినిపించింది.

"వచ్చెయ్యండి!"

"ఇదొక్కటి..."

"రారా లోపలికి, నీ మొహం మండ!"

రాయి వదిలేసి వచ్చాను. నాకు ఏమీ కాలేదని వాదించాను. ఆరో రాయి నుంచీ పెట్టిన రాయినే తీసి మళ్లీ పెడుతున్నానట. నీళ్లు తాగి, ఈ గోడకి ఆనుకుని కూర్చున్నాను. వేళ్లు ఇప్పుడిప్పుడే మాట వింటున్నాయి.

గంగాభవాని వంతు వచ్చింది. కిటికీ దగ్గర నన్ను కూర్చోబెట్టారు. ఆవిడ నాలుగు రాళ్లు నాకన్నా వేగంగా పేర్చింది. అయిదు. ధార సగానికి తగ్గడం ఇక్కడినుంచే కనిపించింది. ఆరో రాయి దగ్గర అడుగు కాస్త పక్కకి పడింది. కాస్తే. తడికి జారిందని కూడా అనుకోవచ్చు.

"గంగమ్మా, ఎలా ఉంది?" అని అరిచాడు అన్నవరం.

"చల్లగానే ఉంది! ఇంక నాలుగే!"

నాలుగు రాళ్లు. ఆ నాలుగూ పడితే కింది వీధి నిలుస్తుందేమో. కిటికీ దగ్గర ఉన్నది నేను. ఆవిడ మాట వినకూడదని చెవులు మూసుకుని, మొహం చూశాను. చెమట లేదు.

ఇరవై ఏళ్లుగా పెంచుకున్న గొంతంతా పెట్టి పిలిచాను. రెండోసారి పిలిస్తే వచ్చింది. చేతిలో రాయి అలాగే ఉంది. తనెక్కడున్నదో తెలియక దాన్ని గదిలోకి తెచ్చింది. అన్నవరం వేళ్లు ఒక్కొక్కటీ విప్పి రాయి తీసుకున్నాడు. ఇప్పుడు మూలన తడిబట్ట కప్పుకుని పడుకుంది. ఊరి పేరు అడిగితే చెప్పింది, సరిగ్గానే.

గండి సగమే మూసుకుంది. కింది వీధిలోంచి మంచాలు మోసుకుని జనం మెట్లెక్కుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆటు ఇంకా కొంత మిగిలి ఉంది. నూకాలు చొక్కా తొడుక్కుంది. తలుపు తీస్తున్నారు. నన్నే కూర్చోమన్నారు కిటికీ దగ్గర.

ఇక్కడ ఆపుతున్నాను. రాస్తూ కూర్చుంటే చూడడం కుదరదు.